రెండు వర్గాల ఊర్లో సాయంత్రం బడి: నడిపినోళ్లు ఎవరన్నా ఉండారా?

నల్లరేగడి:
మాది ఆదోని పక్క పల్లె. డిగ్రీ చదివేటోళ్లం ఆరుమందిమి, ఇద్దరు ఆడపిల్లలు. బడి మానేసిన ఆడపిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పాలని అనుకుంటాండాం. ఊరు రెండు వర్గాలు. కొట్లాటలు ఆగి చానా ఏండ్లయింది గాని, ఇప్పటికీ ఆ వీధోళ్లు ఈ వీధి కొళాయికి రారు. 'శాంతి కోసం విద్య' అని ఫ్లెక్సీ కూడా కొట్టించినాం. యాడ మొదలుపెట్టాల?

ఉగ్గాని_బజ్జి:
ముందు ఆ ఫ్లెక్సీ మడిచి లోపల పెట్టండప్పా. మన పక్క 'శాంతి' అంటే స్టేషన్‌కు పిలిపించి రెండు పార్టీలతో సంతకాలు పెట్టించే మీటింగ్. ఆ మాట వింటేనే ఏందో జరగబోతాందని తలుపులేసుకుంటారు. 'టెన్త్ పాస్ చేయిస్తాం' అనండి, సాలు.

తీర్మానం2250:
అట్లా తీసిపారేయద్దన్నా. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015 డిసెంబరులో 2250 తీర్మానం చేసింది. శాంతి పనుల్లో, నిర్ణయాల్లో యువతకు చోటుండాలని అందులో రాసుంది. ఆడవాళ్ల గురించి 2000లోనే 1325 తీర్మానం వచ్చింది.

ఉగ్గాని_బజ్జి:
వచ్చింది తమ్ముడూ, మా ఊరి బస్సు ఎక్కలేదు అంతే.

పెన్నా_ఒడ్డు:
మేం జమ్మలమడుగు పక్క నాలుగేండ్లు నడిపినాం. మా తప్పు చెప్తా, మీరు చేయద్దండి. మొదటి ఏడాది ఒక పెద్దాయన మిద్దె మీద గది ఇచ్చినాడు. ఫ్యాను, కరెంటు ఆయనవే. సంతోషంగా పోయి కూర్చున్నాం. మూడో రోజుకల్లా అవతల వీధి పిల్లలు ఒక్కరూ లేరు. తల్లులేం గొడవ పడలేదు. 'తలకాయ నొప్పంట', 'నీళ్లకు పోయింది' అన్నారు, అంతే. మాకు తెలిసొచ్చేసరికి నెల అయింది. తర్వాత బడి హెచ్చెమ్‌ను (హెడ్మాస్టరు) అడిగితే తాళంచెవి ఇయ్యలేదు గాని వరండాలో కూర్చోమన్నారు. బల్బు మేమే కట్టుకున్నాం.

ఇంకోటి, హాజరు పట్టీలో వీధి వారీగా పేర్లు రాసుకున్నాం, మా సులువు కోసం. అది చింపేసి అఆల వరసలో రాసి, అదే వరసలో కూర్చోబెట్టినాం. ఇద్దరు పిల్లలు పక్కపక్కన పడినారు. వాళ్ల తాతలు ఒకే కేసులో చెరో పక్క. మధ్యలో సంచి అడ్డం పెట్టుకునేటోళ్లు. వారం తర్వాత లెక్కల పుస్తకం ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చినాం. సంచి తీయక తప్పలేదు.

మిరపకోత:
నల్లరేగడీ, మీ పక్క సుగ్గి ఉంది కదా, అదే కూలికి వలసపోయేది, దాని లెక్క చూసుకున్నారా? మాది కోసిగి. దసరా దాటితే ఊరు సగం గుంటూరు పక్క మిరపకాయల కోతకు లారీలెక్కుతాది. చిన్నోళ్లను చూసుకోను ఆడపిల్లను ఎంటబెట్టుకొని పోతారు. మళ్లా ఉగాదికే రాక. వలసపోయినోళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ పెడతారు గాని ఎదిగిన పిల్లను వదలనీకి తల్లికి మనసొప్పదు. నన్ను మా జేజి, అదే నాయనమ్మ, ఆపింది. 'ఇది నా కాడ పండుకుంటాది, మీరు పోండి' అనింది. మీరు తల్లులతో కంటే ముందు జేజెమ్మలతో మాట్లాడండి.

సంఘం_అక్క:
మిరపకోత చెప్పింది నిజం. నేను పొదుపు సంఘాల లెక్కలు రాస్తా. రెండు వర్గాల ఆడోళ్లు ఒకే చాప మీద కూర్చునేది లోను కంతు కట్టే రోజే. మీరు ఆ రోజు రండి.

సారా ఉద్యమం చూసినదాన్ని నేను. నెల్లూరు జిల్లా దూబగుంటలో అది రాత్రి బడి నుంచి లేసింది. అక్షరాలు నేర్చుకునే ఆడోళ్లు సారా అంగడి మూయించినారు. ఆ సంగతే వాచకంలో పాఠమై వేరే ఊర్లకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపినారు. మా ఊర్లో చీపుర్లు పట్టుకొని పోయినప్పుడు 'నువ్వు ఏ పార్టీ' అని ఎవురూ అడగలే. అంగడి మూతబడినాక మళ్లీ అడిగినారనుకో, అది వేరే కథ.

చిత్రావతి:
బాల్యవివాహం సంగతి వస్తే ఏం చేస్తారో ముందే అనుకోండి. మేం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినాం, పెళ్లి ఆగింది. గాని 'అవతలి వర్గమోళ్లు చేయించినారు' అని పుకారు లేచి, మా బడి రెండు నెలలు మూతబడింది. అయినా ఫోన్ చేసినందుకు నాకు బాధలేదు. ఆ పిల్ల ఓపెన్ స్కూల్లో టెన్త్ రాసింది. 14 ఏండ్లు నిండితే నేరుగా రాయొచ్చు, కింది తరగతుల సర్టిఫికెట్ కోసం తిరగొద్దు.

నల్లరేగడి:
అందరికీ థాంక్స్. బడి వరండా దొరికింది. సోమవారం తొమ్మిది మంది వచ్చినారు, అవతల వీధి నుంచి ఇద్దరే, అదీ ఒక జేజి తోడుగా. ఆమె పాఠం అయ్యేదాకా గోడకానుకొని కూర్చునింది, మధ్యలో పలకొకటి అడిగి తీసుకునింది. ఫ్లెక్సీని తిరగేసి కింద పరిచినాం, బండలు సల్లగా ఉంటే. ఓపెన్ స్కూల్ ఫీజు ఆడపిల్లలకు ఎంతుందో ఈ ఏడాది కట్టినోళ్లు చెప్పండి.