అక్క కూతురు ఖరగ్‌పూర్ ఐఐటీకి వెళ్తోంది, ఆరు వేలలో ఏం కొనివ్వను?

తణుకు పిన్ని:
అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఇంటర్ ఎంపీసీ అయ్యి, జోసా కౌన్సెలింగ్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీలో సివిల్ సీటు తెచ్చుకుంది. మా ఇంట్లో ఇంజనీరింగ్ చదవబోయే మొదటి పిల్ల ఇదే. నేను తణుకులో బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. చీటీ పాడిన డబ్బుల్లోంచి దీని కోసం ఆరు వేలు పక్కన పెట్టాను. లాప్‌టాప్ సంగతి వాళ్ల నాన్న చూసుకుంటున్నారు, అది నా లెక్కలో లేదు.

మా అమ్మ దుద్దులు కొనమంటుంది. ఇప్పటి రేటుకి ఆరు వేలకి గ్రాము బంగారం రాదు. వచ్చినా హాస్టల్లో బాత్రూమ్ గట్టు మీద పెట్టి మర్చిపోయే రకం. మా బావగారేమో "కవర్లో పెట్టి డబ్బులిచ్చెయ్, గొడవ వదిలిపోద్ది" అన్నారు. వాచీ అనుకున్నాను గానీ టైము అందరూ ఫోన్లోనే చూసుకుంటున్నారు కదా.

అసలు నా టెన్షన్ వేరు. ఈ పిల్ల రెండేళ్లు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఉంది. లేవడానికి బెల్లు, తినడానికి బెల్లు, స్టడీ అవర్ అయ్యాక లైటు కూడా వాళ్లే తీసేవారు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఫోను దగ్గర లైన్లో నిలబడాలి. మొన్న కూరగాయలకి పంపితే, అమ్మేవాడు ఎంత చెప్తే అంత ఇచ్చేసి వచ్చింది. ఇంటిగ్రేషన్లు నోటితో చెప్పేస్తుంది, బెండకాయలు బేరం ఆడలేదు. అంతటి పిల్ల ఇప్పుడు భాష తెలియని ఊళ్లో ఒంటరిగా ఉండాలి. దాచుకునే వస్తువు వద్దు, వాడి వాడి అరగదీసేది కావాలి. ఏమిటో చెప్పండి.

హిజ్లీ సీనియర్:
అభినందనలండీ. నేను అక్కడే చదివాను. రెండో ఆలోచన వద్దు, సైకిల్. క్యాంపస్ సుమారు 2,100 ఎకరాలు. హాస్టళ్లని అక్కడ హాళ్లంటారు. హాలు నుంచి క్లాసుకి, క్లాసు నుంచి భోజనానికి, మళ్లీ ల్యాబుకి, అన్నీ సైకిల్ మీదే. నడిచి వెళ్లే వాళ్లు ఎనిమిది గంటల క్లాసుకి రోజూ లేటే.

కానీ తణుకులో కొని పంపకండి, రవాణాతో నడ్డి విరుగుతుంది. కొత్తది కావాలంటే ఊళ్లో గోల్ బజార్లో దొరుకుతుంది. పాతదైతే సీనియర్లు అమ్ముతుంటారు, బ్రేకులు, రిమ్ము వంపు చూసుకుని తీసుకోవాలి. గేర్లది వద్దు, అక్కడ ఎక్కడానికి కొండా లేదు గుట్టా లేదు. సైకిల్ కన్నా తాళం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమనండి. కాలిక్యులేటరు, డ్రాయింగు సామాను ఇప్పుడే కొనకండి, ఏది కావాలో మొదటి వారంలో వాళ్లే చెప్తారు. ఇండక్షన్ పొయ్యి లాంటిది ఇద్దామనుకుంటే ముందు హాలు రూల్స్ కనుక్కోండి.

బీఎన్ఆర్ మనవడు:
భాష తెలియని ఊరన్నారు, నవ్వొచ్చింది పిన్నిగారూ. మాది ఖరగ్‌పూరే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికొచ్చిన కుటుంబాలు అక్కడే స్థిరపడిపోయాయి. మా తాతగారు వర్క్‌షాపులో చేశారు. బజారులో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే కొట్లు బోలెడు. ఇడ్లీ, సాంబారుకి లోటు లేదు. చెప్పాలంటే, మీ అమ్మాయి బేరం నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి ఊరు లేదు.

నా సలహా రెయిన్‌కోటు. చేరేది వానాకాలంలో, సైకిల్ తొక్కుతూ గొడుగు పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కోటుతో పాటు ప్యాంటు కూడా ఉండే రకం తీసుకోండి. డిసెంబర్లో చలి మన గోదావరి వైపు చలిలా ఉండదు, రజాయి మాత్రం అక్కడ కొనుక్కోవచ్చు.

ఇద్దరాడపిల్లల నాన్న:
అందరూ వస్తువులు చెప్తున్నారు. నేను మాత్రం మీ బావగారి పక్షం, కాకపోతే కవర్లో కాదు. పిల్ల పేరు మీద అకౌంటు, దానికి యూపీఐ ఉండేలా చూసి, అందులో నెలకి వెయ్యి చొప్పున ఆరు నెలలు వేయండి. ఒకేసారి ఇస్తే మొదటి వారం పిజ్జాలకి పోతుంది. మా పెద్దదానికి జరిగింది అదే.

ఇంకోటి. పూజ సెలవులకి ఇంటికొచ్చే టికెట్టు మీరే తీసిపెట్టండి. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది, అంతకు ముందు 120 ఉండేది. దుర్గాపూజకి బెంగాల్ రైళ్లలో బెర్తు కోసం కొట్టుకుంటారు. చేరిన కొత్తలో పిల్లకి ఆ ధ్యాసే ఉండదు, తీరా చూస్తే వెయిటింగ్ లిస్టు రెండొందలు.

తణుకు పిన్ని:
బీఎన్ఆర్ మనవడు గారూ, మీ మాట మా అక్కకి చదివి వినిపించాను. రెండు రోజులుగా సరిగ్గా తినని మనిషి ఈ పూట అన్నం కలుపుకుంది.

నాన్నగారూ, నెలనెలా డబ్బులు వాళ్ల నాన్న ఎలాగూ వేస్తారండి. నేనూ వేస్తే అందులో కలిసిపోతుంది, పిన్ని ఇచ్చిందన్నది మిగలదు. టికెట్టు మాట మాత్రం బాగుంది, చేస్తాను. దింపడానికి నేనూ వెళ్తున్నాను, సైకిల్ గోల్ బజార్లో దానిచేతే బేరం ఆడించి కొంటాను. నేను పక్కన నిలబడి నోరు మూసుకుంటాను, అదే కష్టం.

రెయిన్‌కోటుకి పోను మిగిలిన దాంట్లో గుడ్డ తెచ్చి మూడు కుర్తీలు కుడదామని, జేబులతో. షాపుల్లో ఆడపిల్లల బట్టలకి జేబులు ఉండవు, ఉన్నా నాలుగు వేళ్లు పట్టవు. సైడు కుట్టులో జేబు పెడితే స్లిట్ మొదలయ్యే చోటికి పైనే ఆగిపోవాలి, ఫోను సగం బయటే ఉంటుంది. అందుకని స్లిట్‌ని నాలుగు అంగుళాలు కిందికి దించి, జేబు లోతు పెంచి, నోటికి జిప్పు వేస్తాను. ఫోను, ఐడీ కార్డు, తాళం చెవి పడితే చాలు కదా?

హిజ్లీ సీనియర్:
చాలు. కానీ స్లిట్ దించితే పెడల్ తొక్కేటప్పుడు మోకాలి దగ్గర పట్టేస్తుంది, పొడవు తగ్గించండి. చున్నీలు మాత్రం వద్దండీ, వెనక చక్రంలో పడితే ప్రమాదం. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి మెడ దగ్గర బాగా ఒరుసుకుపోయింది.

తణుకు పిన్ని:
అమ్మో, చున్నీ సంగతి నాకు తట్టనే లేదు. గుడ్డ ఈ పొద్దునే తెచ్చాను, చున్నీలకి కూడా కలిపి. ఆ ముక్కలు జేబుల లోపలి గుడ్డకి వాడేస్తాను. పొడవు మోకాలి పైకి పెడుతున్నాను, మా అమ్మతో గొడవ పడటానికి రెడీ.