నైజీరియా ఉత్తరాన పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్కడ అసలు ఏం జరుగుతోంది?

గోదారిగట్టు:
మా తమ్ముడికి కానోలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి ఆఫర్ వచ్చింది. జీతం బాగుంది. కానీ బోకో హరామ్ అనే సాయుధ ఇస్లామిస్టు ముఠా పేరు విన్నప్పటి నుంచి అమ్మకి అన్నం సహించడం లేదు. మా వాట్సాప్ గ్రూప్‌లో మామయ్య ఒకరు అక్కడ క్రైస్తవులని ముస్లింలు ఊచకోత కోస్తున్నారని రోజూ పెడుతున్నారు. బాబాయి అదంతా పుకారంటారు. ఇద్దరూ ఆ దేశం మొహం చూసినవాళ్లు కాదు. ఉండి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

కానో పాతకాపు:
2009 నుంచి 2015 దాకా కానోలో, బొంపాయ్ పారిశ్రామికవాడలో పనిచేశాను. 2012 జనవరి 20 శుక్రవారం. హర్మట్టాన్ (సహారా నుంచి వీచే పొడిగాలి) దుమ్ముతో ఆకాశం బూడిద రంగులో ఉంది. నమాజులు అయిపోయి సాయంత్రమవుతుండగా పెద్ద చప్పుడు. మేము బాయిలర్ పేలిందనుకున్నాం. తర్వాత వరసగా ఇంకా వినిపించాయి. బోకో హరామ్‌వాళ్లు పోలీసు ఆఫీసుల మీద, పాస్‌పోర్టు ఆఫీసు మీద ఒకేసారి పడ్డారు. 180 మందికి పైగా పోయారు. ఊరంతా 24 గంటల కర్ఫ్యూ.

ఆ రాత్రి మేం ఏడుగురం గోడౌన్‌లో పడుకున్నాం. మా మైగాడి (గేటు కాపలాదారుని అక్కడ అలాగే పిలుస్తారు) తన కోసం తెచ్చుకున్న తువో మాకు పంచిపెట్టాడు. తువో అంటే మన సంకటి లాంటిదే. ఆయన హౌసా (ఉత్తరాన పెద్ద తెగ) ముస్లిం. కానిస్టేబుల్‌గా చేసే ఆయన తమ్ముడు ఆ సాయంత్రమే చనిపోయాడని తెల్లారాక తెలిసింది. తమ్ముడి పేరు కూడా ఎత్తకుండా రాత్రంతా మా గేటు దగ్గరే కూర్చున్నాడు ఆ మనిషి.

2014 నవంబర్ 28న కానో పెద్ద మసీదులో బాంబులు పెట్టారు. అదీ శుక్రవారమే. బోకో హరామ్‌ని ఎదిరించండని అంతకు కొద్ది రోజుల ముందే అక్కడి ఎమీర్ (సంప్రదాయ ముస్లిం పాలకుడు) జనానికి పిలుపునిచ్చారు. వంద మందికి పైగా చనిపోయారు, అందరూ నమాజుకి వచ్చినవాళ్లే. మీ మామయ్యగారికి ఈ సంగతి చెప్పండి.

జోస్ టీచరమ్మ:
అన్నగారూ, మీరు చెప్పింది నిజమే. కానీ అది సగమే. 2011లో క్రిస్మస్ రోజు అబుజా పక్కన మడల్లాలో చర్చిలో పూజ ముగించుకుని బయటికొస్తున్నవాళ్ల మీద బాంబు వేశారు. 2018లో దాప్చీ స్కూలు నుంచి 110 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి, నెల తర్వాత బతికున్నవాళ్లలో దాదాపు అందరినీ వదిలేశారు. మతం మారనన్న క్రైస్తవ అమ్మాయి లియా షరీబును మాత్రం ఉంచేసుకున్నారు. ముస్లింలు కూడా చనిపోయారు కదా అని ఆ తల్లుల కడుపుకోతని పక్కన పెట్టకూడదు.

నేను దేశం మధ్యలో ఉన్న జోస్‌లో నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. చల్లటి ఊరు, బంగాళదుంపలు పండే ఊరు. 2010 జనవరి అల్లర్ల తర్వాత స్కూలు తెరిస్తే నా క్లాసులో ముస్లిం పిల్లలు ఒక్కరూ లేరు. వాళ్లు అటువైపు పేటలకి వెళ్లిపోయారు, అక్కడి క్రైస్తవ కుటుంబాలు ఇటు వచ్చేశాయి. ఓకాడా ఎక్కితే (బైక్ టాక్సీ) గీత గీసినట్టు ఒక చోట ఆపేసి, ఇక్కడి నుంచి మీరే నడవండి అనేవాడు.

పైకి మతమే కనిపిస్తుంది. లోపల ఉన్నది 'స్థానికులు ఎవరు' అన్న గొడవ. స్థానికుడివని సర్టిఫికెట్ ఉంటేనే సర్కారు ఉద్యోగం, కాలేజీలో సీటు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న హౌసావాళ్లకి అది ఇవ్వరు. బెరోమ్‌లు (అక్కడి తెగ, ఎక్కువమంది క్రైస్తవులు), ఇది మా నేల అంటారు. ముల్కీ గొడవలు చూసిన హైదరాబాదు పెద్దలకి వేరే చెప్పక్కర్లేదు.

సొకోటో మాస్టారి అబ్బాయి:
చమురు డబ్బు పొంగిన రోజుల్లో మన టీచర్లు చాలామంది నైజీరియా వెళ్లారు. నాన్నగారు అలాగే సొకోటోలో ఫిజిక్స్ చెప్పారు. ఇంటికి తాళం వేసేవాళ్లం కాదంటారు. కానీ 'బోకో' అంటే అప్పటికే అనుమానం ఉండేదట. ఆ మాటకి ఇంగ్లీషు చదువు అని అర్థం. తెల్లదొరలు మిషనరీ బడుల్ని ముస్లిం ఉత్తరంలోకి పెద్దగా రానివ్వలేదు. అందుకే దక్షిణం చదువులో ముందుకెళ్లింది, ఉత్తరం వెనకబడింది. ఆడపిల్లల్ని బడికి పంపమని నాన్న ఇల్లిల్లూ తిరిగేవారట.

మైదుగురి వాపస్:
2017 నుంచి రెండేళ్లు ఈశాన్యంలోని మైదుగురిలో పిల్లల పోషకాహార ప్రాజెక్టులో ఉన్నాను. బోకో హరామ్ పుట్టింది ఆ ఊళ్లోనే, 2002లో, మహమ్మద్ యూసుఫ్ బోధనలతో. 2009 జూన్‌లో అతని మనుషులు బైకుల మీద ఒక అంత్యక్రియలకి వెళ్తుంటే హెల్మెట్లు లేవని భద్రతా బలగాలు ఆపాయి. అది కాల్పుల దాకా వెళ్లింది. జులైలో తిరుగుబాటు, వందల శవాలు. సైన్యం యూసుఫ్‌ని ప్రాణాలతో పట్టుకుని పోలీసులకిచ్చింది. కొన్ని గంటల్లో శవమయ్యాడు. విచారణ లేదు, కోర్టు లేదు. ఆ తర్వాత నాయకుడైన షెకావు చేతిలో ఆ గుంపు ఎంత కిరాతకంగా తయారైందో లోకం చూసింది. 2014లో చిబోక్ ఊరి బడి నుంచి 276 మంది అమ్మాయిల్ని ఎత్తుకుపోయారు. వాళ్లలో 80 మందికి పైగా ఇప్పటికీ ఇల్లు చేరలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తిరిగొచ్చిన ఆడపిల్లల పరిస్థితి. బోకో హరామ్ స్థావరమైన సంబీసా అడవి నుంచి చంకలో బిడ్డతో వస్తే సొంత ఊరివాళ్లే 'అన్నోబా' అనేవాళ్లు, అంటే మహమ్మారి. తూకం వేయడానికి బిడ్డని చేతుల్లోకి తీసుకుంటే పక్క తల్లులు జరిగి కూర్చునేవారు. ఆ బిడ్డ బరువు తక్కువ, ఆకలి ఎక్కువ, అంతే. వాడి తండ్రి ఎవరైతే ఏంటండీ?

రైతుల సంగతి కూడా చెప్పాలి. సైన్యం గీసిన హద్దు దాటితే పొలం ఉంటుంది, ప్రాణానికి గ్యారంటీ ఉండదు. 2020 నవంబర్‌లో జబర్మారీ దగ్గర వరి కోతకెళ్లిన కూలీల గొంతులు కోశారు. ఆ వార్త చదివిన రోజు నేను పనిచేయలేకపోయాను.

గోదారిగట్టు:
అందరికీ దండాలు. అమ్మకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మరి కానో ఇప్పుడెలా ఉంది?

కానో పాతకాపు:
2015 తర్వాత ఊళ్లో ఆ స్థాయి దాడులు లేవమ్మా. ఇప్పుడు భయం రోడ్ల మీద. వాయవ్యంలో బందిపోటు ముఠాలు డబ్బు కోసం మనుషుల్ని ఎత్తుకుపోతున్నాయి, మతం చూడరు. 2022 మార్చిలో అబుజా–కడూనా రైలునే పేల్చి ప్రయాణికుల్ని పట్టుకుపోయారు. అందుకని తమ్ముణ్ణి విమానంలోనే కానోలో దిగమనండి. అబుజా నుంచి కారు పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. క్వార్టర్స్ ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉన్నాయో లేదో, ఏదైనా జరిగితే ఎవరు బయటికి తీసుకొస్తారో కాగితం మీద రాయించుకోమనండి. వెళ్లడం ఖాయమైతే నాకు మెసేజ్ పెట్టండి. మా మైగాడి నంబరిస్తాను. ఇప్పటికీ ఈద్‌కి ఫోన్ చేస్తాడు.