అక్క పిల్లల్ని హోం నుంచి ఇంటికి తెచ్చుకోవాలంటే ఎట్లా?

అడిగింది, నగరి నుంచి:
మా అక్కా బావా ఇద్దరూ లేరు. పాపకు 11 ఏళ్లు, పిల్లోడికి 7. మూడేళ్లుగా తిరుపతిలో ఒక హోంలో ఉన్నారు. అప్పుడు నాకు పెళ్లి కాలేదు, మా అమ్మకు చాతకాలేదు. ఇప్పుడు మా ఆవిడే "తెచ్చేసుకుందాం" అంటోంది. నాది మరమగ్గాల పని. హోంవాళ్లేమో "నీ కూలితో ఇద్దర్ని ఏం సాకుతావు, ఇక్కడ తిండీ చదువూ ఉండాయి కదా" అంటున్నారు. దత్తత రాయించుకోవాలా? లాయర్ కావాలా?

జవాబు, హోం పిల్లలతో చాలా ఏళ్లు పనిచేసిన ఒక అక్క:
తమ్ముడూ, కూలి మనిషివని పిల్లల్ని నీకు ఇయ్యకూడదని ఏ చట్టంలోనూ లేదు. 2015 బాలల న్యాయ చట్టం హోంను ఆఖరి దారిగానే చూడమంటుంది. సాకేదానికి సొంతమనిషి ఉన్నప్పుడు పిల్లల్ని గోడల మధ్య పెట్టుకోవడం నాకైతే అన్యాయంగానే కనిపిస్తుంది.

దత్తత అక్కర్లేదు, అది వేరే దారి. లాయర్ కూడా వద్దు. పంపాలా వద్దా అని తేల్చేది హోం కాదు, బాలల సంక్షేమ కమిటీ. ఏ కమిటీ ఉత్తర్వుతో పిల్లలు అక్కడ ఉన్నారో కనుక్కుని అక్కడే అర్జీ పెట్టు. ఆధార్, రేషన్ కార్డు, అక్కాబావల మరణ ధ్రువపత్రాలు, నువ్వు మేనమామవని చూపే కాగితం జత చెయ్యి. అర్జీ నకలు మీద ముట్టినట్టు సంతకం తప్పకుండా పెట్టించుకో.

నీకు ఆలస్యమయ్యేది ఒక్కచోటే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాక నగరి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది, హోం తిరుపతి జిల్లాలో ఉంది. మీ ఇల్లు చూసి నివేదిక రాయాల్సింది చిత్తూరు జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు. ఆ కాగితం ఇక్కడికీ అక్కడికీ తిరుగుతుంటుంది. ఎక్కడుందో నువ్వే అడుగుతా ఉండాలి.

వాళ్లొచ్చే రోజు పక్కింట్లో కుర్చీలు తెచ్చి వెయ్యాల్సిన పని లేదు. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, బడి ఎంత దూరం, మీ ఆవిడకు నిజంగా ఇష్టమేనా, ఇవి చూస్తారు. పిల్లల్ని కూడా అడుగుతారు. అక్కాతమ్ముళ్లను విడదీయొద్దని అర్జీలోనే రాయి.

డబ్బు సంగతి: మిషన్ వాత్సల్య అనే సర్కారు పథకం కింద, పిల్లల్ని ఇంట్లోనే సాకేదానికి స్పాన్సర్‌షిప్ అని సాయం ఉంది, ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. స్పాన్సర్‌షిప్‌లు చూసే జిల్లా కమిటీ ఆమోదించాలి కాబట్టి అర్జీతో పాటే దీన్నీ అడుగు. వచ్చేదాకా నెలలు పట్టొచ్చు, దాన్నే నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

ఇంకో జవాబు, చంద్రగిరి నుంచి:
అన్నా, మా అన్న కొడుకును ఇట్లానే తెచ్చుకున్నాం. కాగితాల కంటే ఇంటికొచ్చినాకే కష్టం. మొదటి రాత్రి అన్నం తినేసి ఖాళీ తట్ట చేతిలో పట్టుకుని అట్లనే నిలబడినాడు. "కడిగి పెట్టేయ్ నాయినా" అంటే, "ఇంకా బెల్లు కొట్టలేదు కదా చిన్నాయినా" అన్నాడు. నీళ్లు తాగాలన్నా అడిగేవాడు. దిండు కింద బిస్కెట్లు దాచేవాడు. మా ఆవిడ తిట్టలేదు, ఒక డబ్బా చేతికిచ్చి "ఇది నీది, అయిపోతే నింపుతా" అనింది. మూడు నెలలకు ఆ డబ్బా సంగతే మర్చిపోయినాడు. చెప్పిన మాట వింటున్నాడని సంబరపడొద్దన్నా. వాడు అలిగి తలుపు వేసుకున్న రోజు నాకు ప్రాణం కుదుటపడింది.

అడిగినవారు:
అక్కా, అన్నా, చాలా మేలు చేసినారు. సోమవారం పని మానుకుని పోతా. పాపకు ఇప్పుడే చెప్పేదా?

అక్క జవాబు:
మేమొస్తాం, నీకోసం అడుగుతున్నాం అని చెప్పు. ఉత్తర్వు చేతికి రాకుండా తేదీ మాత్రం చెప్పొద్దు, ఆ బిడ్డ రోజులు లెక్క పెట్టుకుంటుంది. హోంవాళ్లను అడిగి ప్రతి వారం చూసేదానికి పో. ఈసారి మీ ఆవిడను కూడా తీసుకుపో.