ఆగస్టు చివరి ఆదివారం ఈమ్ ప్రయాణం: హాలు రద్దయింది, రేపు సాయంత్రంలోగా నిర్ణయం కావాలి

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని ఈమ్ అనే పల్లెకు మన తెలుగు సంఘం వెళ్లే రోజున మధ్యాహ్న భోజనానికీ, సాంస్కృతిక కార్యక్రమానికీ మనం మాట్లాడుకున్న పొరుగూరి హాలువారు ఈ ఉదయం అనుమతి వెనక్కి తీసుకున్నారు. లోపల గ్యాస్ సిలిండర్లతో వంట చేయడానికి తమ బీమా ఒప్పుకోదనీ, ఆ రోజు మైకు పెట్టడానికీ వీలుపడదనీ రాశారు. అడ్వాన్సు తిరిగి ఇస్తామన్నారు. ఎంతమంది వస్తారో రేపు సాయంత్రంలోగా చెప్పకపోతే బస్సు కూడా చేజారుతుంది కాబట్టి వేదిక, బ్యానరు, జ్ఞాపికలు, నృత్యాల వరుస వంటివన్నీ కాసేపు పక్కన పెట్టి ముందు ఈ సంగతి తేల్చండి.

వంటల బాధ్యులు:
డెబ్బై మందికి సరిపడా పప్పు, బియ్యం, నూనె కొన్నాక ఈ మాట చెప్పడం అన్యాయం. అక్కడే వండుతామని మొదటి ఉత్తరంలోనే స్పష్టంగా రాశాం. మన పోపు వాసన వాళ్లకు గిట్టక బీమా పేరు చెబుతున్నారని నా అనుమానం. ఈసారి గట్టిగా అడగవలసిందే.

కోశాధికారి:
అన్నగారూ, దయచేసి ఆ మాట ఉత్తరంలో రాయకండి. పల్లెటూరి హాలు నడిపేది ఊళ్లో నలుగురైదుగురు కలిసి వేసుకున్న కమిటీ. బీమా పత్రంలో లేనిదానికి వాళ్లు పూచీ పడలేరు.

వంటల బాధ్యులు:
మీరు ప్రతిసారీ అవతలివాళ్ల పక్షమే మాట్లాడతారు. తెల్లవారుజామున లేచి డెబ్బై మందికి వండేవాళ్ల కష్టం లెక్కల పుస్తకంలో కనబడదు. ఈ బాధ్యత మరొకరికి అప్పగించండి.

సలహా సంఘం నుంచి అక్కయ్య:
తమ్ముడూ, నీ కష్టం తెలియనివాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. అయినా ఆ ఆదివారం ఎలాంటి రోజో చెప్పనివ్వు. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటతో ఈమ్‌లోకి ప్లేగు వచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో ఆ ఊరి చర్చి యువ గురువు విలియం మాంపెసన్, ఆయనకన్నా ముందు ఆ పదవిలో ఉండి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ, మతవిషయాల్లో ఎడముఖం పెడముఖంగా ఉన్నవారే అయినా ఒక్కటై, ఎవరూ పొలిమేర దాటకుండా ఊరివాళ్లను ఒప్పించారు. చర్చి మూసేసి కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట ఆరాధన జరిపారు. చనిపోయినవారిని ఇంటివాళ్లే పూడ్చుకున్నారు. ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ తన చేతులతోనే మట్టిలో పెట్టింది. 1666 ఆగస్టు 25న మాంపెసన్ భార్య కేథరిన్ పోయింది. ఆమె సమాధి నేటికీ సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో ఉంది. అన్నీ కలిపి సుమారు 260 మంది.

ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలోనే జ్ఞాపకార్థ ఆరాధన జరుగుతుంది. పక్కింట్లో సంవత్సరీకం జరుగుతుంటే మన అరుగు మీద మైకు కట్టడం మనకు తగదు. పైగా ఇక్కడి పల్లెల్లో ఒక్క గురువే నాలుగైదు చర్చిలు చూసుకోవడం మామూలు. నేను పుట్టిన దోర్నకల్ డయోసిస్‌లోనూ (ఒక బిషప్పు కింద ఉండే చర్చిల ప్రాంతం) అయ్యగారు ఊరూరా తిరుగుతూనే ఉంటారు. 1912లో అజరయ్యగారు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొంది ఆ డయోసిస్‌కే వచ్చారు. 1947 నుంచి అది దక్షిణ ఇండియా సంఘంలో ఉంది. అక్కడి పరిచయంతో చెబుతున్నాను, తీరికలేని గురువుకు కాక, చర్చి బాగోగులు చూసే వార్డెన్లకు మర్యాదగా ఉత్తరం రాస్తే ఆరాధనలో వెనక నిలబడనిస్తారు. ఆ ఉత్తరం నేను రాస్తాను.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:
అక్కా, అయితే నాటకం వేదిక మీద వద్దు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్‌లో బస్సు దిగి పొలాల మధ్య కాలిబాటన ఈమ్‌కు నడుద్దాం. సుమారు మైలు దూరం, కాస్త ఎక్కుడు. దారిలో సరిహద్దు రాయి వస్తుంది. దాని పైన గుంతలున్నాయి. ఈమ్ వాళ్లు అంటు పోతుందని ఆ గుంతల్లో పోసిన వినిగర్‌లో నాణేలు వేసిపోతే, పొరుగూళ్లవాళ్లు వాటిని తీసుకుని అక్కడే తిండి పెట్టి వెళ్లేవారు. ఛాట్స్‌వర్త్‌లోని తన భవనం నుంచి డెవన్‌షైర్ ప్రభువు కూడా సరిహద్దుకు ఆహారం పంపేవాడు. పిల్లలు ఆ రాయి దగ్గర నిలబడి ఈ కథను తెలుగులో చదువుతారు, మైకు అక్కర్లేదు.

రవాణా బాధ్యులు:
పెద్దవాళ్లనూ, పసిపిల్లల బండ్లనూ ఆ బాటన తీసుకురాలేం, మధ్యలో కంచెమెట్లు దాటాలి. వాళ్లను కార్లలో నేరుగా ఈమ్‌కు చేరుస్తాం. ఆ వారం ఇక్కడి ఆచారం ప్రకారం ఊరి బావుల దగ్గర తడి బంకమట్టి పలకల మీద పూరేకులు అద్దిన అలంకారాలు ఉంటాయి కాబట్టి నడవలేనివారు వాటిని తీరిగ్గా చూడవచ్చు.

వంటల బాధ్యులు:
అక్కయ్యగారి మాట కాదనలేను. పొయ్యి అవసరం లేనివే ఆలోచించాను. కొన్న బియ్యంతో పులిహోర అయిపోతుంది, చింతపండు గుజ్జు ముందురోజే చేసి పెట్టుకోవచ్చు. దద్దోజనం మాత్రం ఐసు పెట్టెల్లోనే రావాలి, లేకపోతే ఎండకు పులుస్తుంది. నాలుగు ఇళ్లు తలా కొంత వండితే చాలు. కోశాధికారిగారూ, నిన్నటి మాటలు మనసులో పెట్టుకోకండి, మీ ఇంట్లో ఉన్న పెద్ద గంగాళం నాకు కావాలి.

కోశాధికారి:
గంగాళం శుక్రవారమే మీ గుమ్మం ముందు ఉంటుంది, అన్నగారూ. హాలు అడ్వాన్సు తిరిగి రాగానే దాన్ని ఈమ్ చర్చికి విరాళంగా ఇద్దామని నా ప్రతిపాదన. ఇలాంటి పాత కట్టడాల మరమ్మతుల భారం చాలావరకు ఆ ఊరి పారిష్ మీదే, అంటే ఆ చర్చికి చెందిన స్థానికుల మీదే పడుతుంది.

కార్యదర్శి:
అభ్యంతరం ఎవరూ చెప్పలేదు కాబట్టి బస్సువారికి నలభై ఐదు మంది అని చెప్పేశాను, మిగిలినవారు కార్లలో వస్తారు. ఎక్కడ కూర్చుని తినవచ్చో అక్కయ్య వార్డెన్లను అడిగి రాస్తారు. ఆకులు, చెత్త ఏవీ అక్కడ వదలకుండా సంచుల్లో వెనక్కి తెద్దాం. నడిచేవారందరూ బూట్లు వేసుకుని రావాలి. వండే నాలుగు ఇళ్లవారు రేపటిలోగా పేర్లు చెప్పండి. ఐసు పెట్టెలు ఉన్నవారు శనివారం రాత్రికే వాటిని రవాణా బాధ్యులకు చేర్చండి.