మెంఫిస్ ప్లకార్డు మీది మాటను తెలుగులో ఎలా రాయాలి?

మేడేకి మా మున్సిపల్ పారిశుధ్య కార్మికుల కోసం అమెరికాలోని మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికులు చేసిన సమ్మె గురించి గోడపత్రిక రాస్తున్నాను. 1968 ఫిబ్రవరి 1న వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే కార్మికులు చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఆ నెల 12 నుంచి దాదాపు 1300 మంది నల్లజాతి కార్మికులు పని ఆపేశారు.

వాళ్ల ప్లకార్డు మీది 'I AM A MAN' అనే మాట దగ్గరే ఆగిపోయాను. 'నేను మనిషిని' అంటే చప్పగా ఉంది. 'నేనూ మనిషినే' అంటే బతిమాలినట్టుంది. పెద్ద వయసు మగవాళ్లను కూడా 'బాయ్' అని పిలిచినవాళ్లకు అది జవాబు. పైగా అసలు ప్లకార్డులో 'AM' అనే క్రియ కింద గీత ఉంది. తెలుగులో ఆ క్రియే కనపడదు, గీత ఎక్కడ గీయాలి?

మా అమ్మ కూడా రోడ్లు ఊడ్చింది. ఆమె చదివి తల ఎత్తేలా ఉండాలి. దయచేసి ఒక మాట సూచించండి.