చెల్లెలి కొడుకును స్పెషలిస్టుకు చూపించేలా ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించాలి?

మా చెల్లెలి కుటుంబం అమెరికాలోని కనెక్టికట్‌లో ఉంటోంది. పిడుదు కాటుతో సోకే, 1975లో పిల్లల కీళ్లవాపులతో బయటపడిన లైమ్ వ్యాధికి తన పేరునిచ్చిన ఊరు ఆ రాష్ట్రంలోదే. కిందటి వేసవిలో ఎనిమిదేళ్ల మా వాడి తొడ మీద వలయంలా ఎర్రటి మచ్చ లేస్తే, పిడుదు కాటని తోచక, తామర అనుకుని పూతమందు రాశారు. చలికాలానికి కుడి మోకాలు బత్తాయిలా వాచింది. రక్తపరీక్షలో లైమ్ అని తేలాక పిల్లల డాక్టరు 28 రోజులు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆ కోర్సు పూర్తయినా వాపు సగమే తగ్గింది. వాడు ఇప్పటికీ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాడు. పిల్లల అంటువ్యాధుల నిపుణులకో, కీళ్ల నిపుణులకో చూపించమని ఆయనే రాసిచ్చి నెలన్నర దాటింది.

మా మరిదిగారు "మందు వాడాం కదా, అదే తగ్గుతుంది" అంటారు. వాళ్ల అమ్మగారు ఎదిగే వయసు నొప్పులని రోజూ నువ్వులనూనెతో మర్దనా చేస్తున్నారు. ఆవిడ ప్రేమను నేను శంకించను గానీ, ఎదిగే నొప్పులకు కీలు వాయదు కదా! నెలల తరబడి సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించే క్లినిక్కులంటే నాకూ భయమే. నేను అడుగుతున్నది డాక్టరు చెప్పిన ఆ ఒక్క అపాయింట్‌మెంటు మాత్రమే.

పెద్దమ్మనే తప్ప తల్లిని కాను కనుక గట్టిగా అనలేకపోతున్నాను. ఇలాంటి పరిస్థితిలో పెద్దావిడ మనసు నొప్పించకుండా మీరెలా నచ్చజెప్పారు? పిల్లల డాక్టరునే మరిదిగారితో నేరుగా మాట్లాడమని చెల్లెలి చేత అడిగించడం సబబేనా?