నాన్నకి షుగర్, నడుస్తుంటే చెప్పు జారినా తెలియట్లేదు, చెన్నైలో ఎవరికి చూపించాలి?

పెరంబూర్ కిట్టు:
అందరికీ నమస్కారం. నాన్నగారికి 66, షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది, మాత్రలతోనే నెట్టుకొస్తున్నారు. ఈమధ్య నడక బాగా తగ్గిపోయింది, దూది మీద నడిచినట్టు ఉందిరా అంటారు, మొన్న మార్కెట్ నుంచి వస్తుంటే ఒక కాలి చెప్పు దారిలోనే జారిపోయింది, ఇంటికొచ్చాక అమ్మ అడిగేదాకా ఆయనకి తెలియనే లేదు. దగ్గర్లో ఒక ఆర్థో డాక్టర్ మోకాళ్ళ అరుగుదల అని పెయిన్ కిల్లర్ రాసి పంపేశారు. రాత్రిళ్ళు పాదాలు మంటలని వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఇది న్యూరో కేసా, షుగర్ డాక్టర్ కేసా? వాకర్ కొందామంటే నన్నప్పుడే ముసలాణ్ణి చేసేశారా అని గొడవ.

శారద వేళచేరి:
ముందు ఆ బకెట్ ఆపించండి బాబూ! స్పర్శ లేని కాలికి నీళ్ళెంత కాగాయో తెలీదు, మా అత్తగారికి అలాగే బొబ్బలెక్కి పుండు పడింది, మానేసరికి మా ప్రాణం పోయింది. చెప్పు జారినా తెలియట్లేదంటే మోకాళ్ళు కాదండీ, నరాలు. ఫుట్ క్లినిక్ ఉన్న షుగర్ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. కళ్ళు మూసుకోమని సన్న నైలాన్ దారం లాంటిది అరికాల్లో అక్కడక్కడా వంగేదాకా నొక్కుతారు, 10 గ్రాముల మోనోఫిలమెంట్ అంటారు, అది తెలియకపోతే రిస్క్ ఉన్నట్టే. బయోథీసియోమీటర్ అని ఇంకోటి, వైబ్రేషన్ పెంచుకుంటూ పోతారు, 25 వోల్టులు దాటినా తెలియకపోతే పుండ్లు పడే ఛాన్స్ ఎక్కువ. మీకు రాయపురం దగ్గరే కదా, ఎం.వి. డయాబెటిస్ హాస్పిటల్ 1954 నుంచీ ఉంది, పాదాలకి పేరున్న చోటు. ఖర్చు కష్టమైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జీహెచ్‌లోనూ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) షుగర్‌కి వేరే విభాగం ఉంది.

రమణ:
పిక్కల సంగతి కూడా అడగండి కిట్టు గారూ. కాస్త దూరం నడిచేసరికి పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్ళీ అంతే దూరంలో పట్టేస్తుంటే రక్తం సరిగ్గా అందట్లేదని అనుమానించాలి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగించి లెక్క కడతారు, ఏబీఐ అని, 0.9 కంటే తగ్గితే బ్లాక్ ఉండొచ్చు. షుగర్ వాళ్ళకి నాళాలు గట్టిపడిపోయి 1.4 పైన కూడా వస్తుంది, అది చూసి బాగుందనుకోవద్దు, కాలి బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడమనండి. సిగరెట్ ఉంటే మాన్పించాల్సిందే, ఇందులో బేరాల్లేవు.

ఫిజియో అనిత:
వాకర్ గొడవ ఇప్పుడొద్దు, ముందు బ్యాలెన్స్ చూపించండి, ఒక్కోసారి చేతికర్రతో సరిపోతుంది. 2021 ఆగస్టులో మొదలైన తమిళనాడు ప్రభుత్వ మక్కళై తేడి మరుత్తువం (ఇంటి దగ్గరకే వైద్యం) స్కీములో బీపీ, షుగర్ మాత్రలతోపాటు ఇంటికొచ్చి ఫిజియోథెరపీ కూడా చేస్తారు, మీ ఏరియా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పేరు రాయించండి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు సోల్‌వి, సాయంత్రం పూట కొనండి, పొద్దుటికంటే అప్పుడు కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. ఒక పాదం మాత్రమే ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండోదానికంటే వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా సరే, నడవనివ్వకుండా అదే రోజు తీసుకెళ్ళండి. షార్కో ఫుట్ అయితే లోపల ఎముకలు విరుగుతున్నా మనిషి మామూలుగా నడిచేస్తుంటాడు, చాలాసార్లు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తారు కూడా.

పెరంబూర్ కిట్టు:
చాలా థ్యాంక్సండీ. పిక్కలు పట్టట్లేదట, మంటలే. ఈ వారమే రాయపురం తీసుకెళ్తా. ఇంకో తలనొప్పి ఉంది, ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి మురుగన్ కొండ మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కుతానని మొక్కుకున్నారు, వద్దంటే వినరు.

శారద వేళచేరి:
అమ్మో, ఆ ఎండలో రాళ్ళ మీదా! ఆ రద్దీ రోజొద్దు, వేరే రోజు తెల్లవారుజామున వెళ్ళండి, కొండ పైదాకా బండి వెళ్తుంది, మొక్కు కోసం నాలుగు మెట్లు ఎక్కించండి చాలు, అదీ డాక్టర్ సరేనంటేనే. మందపాటి సాక్స్ వేయించి, దిగగానే విప్పి వేళ్ళ సందులతో సహా మీరే చూడండి, ఆయన్ని అడిగితే ఏం లేదనే అంటారు.